తొమ్మిదో నెల స్వాబు

భీమవరంలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా నాకు ఇరవై ఆరేళ్ళు గడిచాయి. ఈ మాట అనగానే వినేవాళ్ళ మొహాలు వెలుగుతాయి. "అబ్బో, ఎంతమంది పసిపిల్లల్ని ఎత్తుకుని ఉంటారో కదండీ, ఎంత పుణ్యమో!" అంటారు. పుణ్యం సంగతి నాకు తెలీదు. మోకాళ్ళు అరిగాయి, అది మాత్రం తెలుసు. పిల్లల మొహాలు ఒక్కటీ గుర్తులేవు. తల్లుల మొహాలూ అంతే. బజార్లో ఎవరో ఎదురొచ్చి, "నన్ను గుర్తుపట్టేరా అండి, మా పెద్దోడికి మీరే పురుడు పోసేరు" అంటే, "అయ్యో, గుర్తులేకపోవడమేంటమ్మా" అని నవ్వేస్తాను. ఈ అబద్ధానికి నేను సిగ్గుపడటం ఎప్పుడో మానేశాను.

పొద్దున్నే మా ఊరి సెంటర్లో బస్సెక్కుతాను. ముప్పావుగంట నిలబడి వెళ్ళి, రోజంతా నిలబడి పనిచేసి, మళ్ళీ నిలబడి ఇంటికొస్తాను. సీటు దొరికిన రోజు వండిన కూర కూడా రుచిగా కుదురుతుంది. మా ఆయన రిటైరయ్యారు. "ఇంక మానెయ్యొచ్చు కదా" అని రోజుకోసారి అంటారు. మానేస్తే పొద్దున్నే లేచి ఏం చేయాలో తెలీక మానలేదు. అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు.

ఇన్ని మొహాలు మరిచిపోయిన నాకు ఒక్కమ్మాయి మొహం మాత్రం గుర్తుండిపోయింది. ఇదంతా ఆ అమ్మాయి గురించే. కానీ ముందు ఆ పరీక్ష గురించి చెప్పాలి, లేకపోతే ఏదీ అర్థం కాదు.

కొన్నేళ్ళ కిందట మా ఆసుపత్రిలో ఒక కాన్పు జరిగింది. అంతా సవ్యంగా జరిగింది. బొద్దుగా ఉన్న ఆడపిల్ల, పుట్టగానే కేరుమంది. మర్నాడు పొద్దున్న పాలు తాగలేదు. మధ్యాహ్నానికి ఊపిరి తీసినప్పుడల్లా మూలగడం మొదలుపెట్టింది. పిల్లల ఆసుపత్రికి పంపాం, సాయంత్రానికి అక్కడ పోయింది. పిల్లల ఆసుపత్రివాళ్ళు తీసిన రక్తంలో ఒక బాక్టీరియా పెరిగింది. గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్. ఆ పేరు నా నోరు తిరగడానికే వారం పట్టింది. మేం జీబీఎస్ అని పొట్టిగా అంటాం. మా డాక్టరు మేడమ్ నాకంటే పదేళ్ళు చిన్న. ఆవిడ ఆ రోజు తన గదిలో తలుపు వేసుకుని చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత వచ్చి, "సిస్టర్, ఇకనుంచి తొమ్మిదో నెలలో అందరికీ ఈ స్వాబు తీద్దాం" అంది. చుట్టుపక్కల ఎవరూ ఆ పరీక్ష చేయించేవాళ్ళు కాదు. మేం మొదలుపెట్టాం.

ఈ బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళ పేగుల్లో, బిడ్డ వచ్చే దారిలో చప్పుడు చేయకుండా ఉంటుంది. తల్లికి ఏ బాధా ఉండదు. అది జబ్బు కాదు. శుభ్రం లేకపోతే వచ్చేదీ కాదు, మొగుడి నుంచో ఇంకొకరి నుంచో అంటుకున్న పాపమూ కాదు. ఈ నెల ఉంటుంది, మూడు నెలల తర్వాత చూస్తే ఉండకపోవచ్చు. కాన్పప్పుడు బిడ్డ ఆ దారిన వస్తూ దాన్ని అంటించుకుంటుంది. చాలామంది పిల్లలకి అప్పుడు కూడా ఏమీ కాదు. ఏ ఒక్క బిడ్డకో అది రక్తంలోకి వెళ్తుంది, అప్పుడు గంటల్లోనే ముంచేస్తుంది. దానికి ఉపాయం చాలా సులువు. నొప్పులు మొదలవగానే, లేదా ఉమ్మనీరు పోగానే, తల్లికి నరంలోంచి యాంటీబయాటిక్ ఎక్కించాలి. కాన్పుకి కనీసం నాలుగు గంటల ముందైనా మొదలవ్వాలి. అంతే. ముందుగా మాత్రలు మింగితే లాభం లేదు. మింగినన్నాళ్ళు తగ్గినట్టు ఉండి, పేగుల్లోంచి మళ్ళీ వచ్చేస్తుంది. మందు నొప్పులప్పుడే పడాలి. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోవలసినంతగా పెట్టుకోలేదు.

స్వాబు తీసేది నేనే. పొడుగాటి దూదిపుల్ల ముందు వైపు తిప్పి, అదే పుల్ల వెనక వైపు కూడా తిప్పాలి. ముందు వైపు దాకా ఎవరూ ఏమీ అనరు, తొమ్మిది నెలలుగా అలవాటైపోయి ఉంటుంది. వెనక అనగానే బిగుసుకుపోతారు. "అక్కడెందుకండీ?" అంటారు. ఒక స్కూలు టీచరమ్మ లేచి కూర్చుని, "ఇది తీసినట్టు ఎక్కడా రాయకండి, మా ఇంట్లో ఫైలు అందరూ చదువుతారు" అంది. ఇంకొకావిడ అత్తగారు కర్టెన్ పక్కకి లాగి, "ఏంటండి చేస్తున్నారు మా కోడల్ని?" అని తల లోపల పెట్టింది. నేను కసిరాను. నాకు కోపం తొందరగా వస్తుంది, మేడమ్ కూడా నాకు కొంచెం భయపడుతుంది. రోజుకి పదిమంది, పదిమందికీ అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి నేను జవాబు చెప్పడం మానేసి, "మేడమ్ రాశారమ్మా, కాళ్ళు వదులు చెయ్యి" అనే దగ్గర ఆగిపోయాను.

అసలు చిక్కు స్వాబు తీయడం కాదు. రిపోర్టు రావడానికి మూడు రోజులు పడుతుంది. మా వైపు మొదటి పురుడు పుట్టింట్లోనే. బేసి నెలలో, మంచి రోజు చూసి అమ్మాయిని తీసుకెళ్తారు. ఏడులో కుదరకపోతే తొమ్మిదిలో. అంటే మేం స్వాబు తీసే రోజులూ, ఆ పిల్ల సామాను సర్దుకునే రోజులూ ఒకటే. మంచి రోజు రిపోర్టు కోసం ఆగదు కదా. పరీక్ష ఇక్కడ, పురుడు ఎక్కడో తణుకులోనో, మలికిపురంలోనో, సముద్రం ఒడ్డు ఊళ్ళోనో. ఆ ఊరి ఆసుపత్రివాళ్ళకి మా మాట చేరవేసేది ఒక్క ప్లాస్టిక్ కవరులోని ఫైలే. అందుకని రిపోర్టు ఆ ఫైల్లోకి వెళ్ళేలా చూడటం నా పని అయింది. ఇంటి నుంచి ఎవరొస్తే వాళ్ళ చేతికి ఇచ్చేదాన్ని. తొమ్మిదో నెల పిల్లని బండి మీద తిప్పరు కాబట్టి వచ్చేది ఎక్కువగా మొగుళ్ళే.

మొదట్లో రిపోర్టు ఇచ్చి ఊరుకునేదాన్ని. ఒకసారి ఒక అత్తగారు వచ్చి తీసుకుంది. కాగితం మీద పాజిటివ్ అని ఉంది. ఆవిడకి ఇంగ్లీషులో తెలిసిన మాట అదొక్కటే అయుంటుంది. వరండాలో నిలబడి, "పాజిటివంట! ఆ రోగమే కదా ఇది? మా ఇంటికి ఈ పిల్లనా అంటగట్టేరు?" అని గొంతెత్తింది. బెంచీల మీద ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. మర్నాడు అమ్మాయి తండ్రి, బాబాయిలు దిగారు. మేడమ్ అందరినీ కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది. ఆ కోడలు ఆ గంటంతా చీర కుచ్చిళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

ఆ రోజు నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఆడవాళ్ళకి చెప్తే ఏడుస్తారు, అత్తలకి చెప్తే అరుస్తారు. మొగాళ్ళకి పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్తే సరిపోతుంది. ఇక్కడి మొగాళ్ళలో సగం మంది చెరువుల మీద బతికేవాళ్ళే. వాళ్ళకి అర్థమయ్యే భాష నాకు తెలుసు, మా అన్నయ్యకి కూడా రొయ్యల చెరువులున్నాయి. "మీరు సీడు తెచ్చేముందు వైరస్ ఉందేమోనని పీసీఆర్ పరీక్ష చేయిస్తారా లేదా?" అని అడిగేదాన్ని. సీడు అంటే కళ్ళకి ఆనీ ఆనని రొయ్యపిల్లలు. "చేయించకుండా ఎలా వదుల్తామండి?" అనేవాళ్ళు. "మరి పాజిటివ్ వచ్చిన పిల్ల చూడ్డానికి ఎలా ఉంటుంది?" అంటే, "బాగానే ఉంటదండి, గంతులేస్తా ఉంటది" అనేవాళ్ళు. "ఇదీ అంతే. మీ ఆవిడకి ఏ జబ్బూ లేదు. లోపల ఒక సూక్ష్మజీవి ఉంది, ఆవిడనేమీ చేయదు, బిడ్డ జాగ్రత్త కోసం మందు పడాలి." అంతే, వాళ్ళ మొహాలు తేటపడేవి. "అదాండి, అలా చెప్పండి మరి!" అనేవాళ్ళు. ఒకసారి మేడమ్ విని, "సిస్టర్, నేను పదేళ్ళు చదివి చెప్పలేనిది మీరు రెండు నిమిషాల్లో చెప్పారు" అంది. ఆ మెచ్చుకోలు నాకు బాగా తలకెక్కింది. దాచుకోవడమెందుకు.

ఇప్పుడు ఆ అమ్మాయి. ఇరవై రెండేళ్ళుంటాయి. పుట్టిల్లు మొగల్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు, చేపలు పట్టే కుటుంబం. మొగుడు ఇక్కడికి దగ్గర్లో చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు వేస్తాడు. మంచివాడు. ప్రతి నెలా ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు. అతను ఫ్యాను కింద చోటు వెతికి ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, తను గోడకి ఆనుకుని నిలబడేవాడు. పంపు దగ్గర బురద కాళ్ళు కడుక్కుని గాని లోపలికి వచ్చేవాడు కాదు, ఆ ఒక్క పనికే అతనంటే నాకు ఇష్టం. అతని తల్లి కూడా రెండుసార్లు వచ్చింది. నోరున్న మనిషి.

స్వాబు తీసిన రోజు ఆ అమ్మాయి కూడా అడిగింది, "ఇది దేనికండీ?" అని. మిగతావాళ్ళలా వెనకెందుకని కాదు, పరీక్ష దేనికని. నేను మేడమ్ రాశారమ్మా అన్నాను. ఆ అమ్మాయి నా మొహంలోకి ఒక క్షణం చూసి, ఇంకేమీ అడగలేదు.

రిపోర్టు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. గుర్తుండవలసిన ఒక్క ముక్క తప్ప అంతా గుర్తుంది. ఇద్దరు నర్సులు సెలవు. లేబర్ రూమ్‌లో ఒకామెకి నొప్పులు, ఇంకొకామెకి ఆపరేషన్ కోసం తయారు చేయాలి. మధ్యాహ్నం రెండైనా నేను అన్నం బాక్సు తెరవలేదు. అతను పరుగులాంటి నడకతో వచ్చాడు.

"రిపోర్టు వచ్చిందాండి? ఇయ్యాల పుట్టింటికి దింపుతున్నానండి. మూడు దాటితే మంచిది కాదంట."

తీసి చూశాను. పాజిటివ్. నిలబడే చెప్పాను. సీడు, పీసీఆర్, గంతులేసే పిల్ల, అంతా వరసగా వచ్చేసింది, పాఠం అప్పజెప్పినట్టు. అతను తలూపుతూ విన్నాడు.

"అయితే మందు పడాలి అంతేనాండి?"

"అంతే. మందు పడితే ఏ భయం లేదు."

అప్పుడే లేబర్ రూమ్‌లోంచి ఆయమ్మ కేకేసింది. "ఫైల్లో పెట్టుకోండి, అక్కడి డాక్టరుకి చూపించండి" అంటూ వెనక్కి తిరిగాను. ఆ మాట మాత్రం కచ్చితంగా అన్నాను. అతను "ఆయ్, అలాగేనండి" అన్నాడు. మందు నొప్పులప్పుడే పడాలన్న మాట అన్నానా? అప్పటినుంచి ఇప్పటిదాకా ఎన్నిసార్లు ఆ రెండు నిమిషాల్నీ మొదట్నుంచి చివరిదాకా నడిపించుకుని చూశానో. ఒక్కోసారి అన్నట్టే వినిపిస్తుంది. కానీ ఆ మాట అంటున్న నా గొంతు వేరే ఎవరికో, వేరే రోజు చెప్పిన గొంతేమో అనిపిస్తుంది. కాగితం కింద ఇంగ్లీషులో ఒక లైను ఉంది, నొప్పుల సమయంలో యాంటీబయాటిక్ ఇవ్వాలని. ఆ లైను డాక్టర్లు చదవడానికి.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున్న, నేను ఇంకా చెప్పులు కూడా మార్చుకోలేదు, ఫోను మోగింది. మా వెనక వీధిలో ఉన్న పిల్లల ఆసుపత్రి నర్సు. మాకు ఒకరికొకరం బాగా తెలుసు.

"అక్కా, తీరం వైపు నుంచి ఒక బిడ్డొచ్చేడు. నిన్న పొద్దున్న పుట్టేడంట, సాయంత్రానికి మూలుగు మొదలైందంట. తల్లి తొమ్మిదో నెల దాకా మీ దగ్గరే చూపించుకుందంట. ఆ స్వాబు ఏమైనా తీసేరా?"

పేరు అడిగి రిజిస్టరు తీశాను. వేలు లైను మీద పెట్టుకుని చదివాను. పాజిటివ్ అని చెప్పాను.

"ఫైల్లో ఆ కాగితం లేదక్కా. ఉమ్మనీరు పోయిన పదిహేను గంటలకి కాన్పయిందంట. అక్కడివాళ్ళకి తెలీదు, ఏ మందూ పడలేదు."

పదిహేను గంటలు. కావలసింది నాలుగు గంటలు. ఫోను పెట్టేసి అలాగే నిలబడ్డాను. నాకు మొదట వచ్చింది భయం కాదు, ఏడుపూ కాదు, కోపం. ఇన్ని రిపోర్టులు, ఇన్నిసార్లు చెప్పడం, ఒక కాగితాన్ని ఒక కవరులో పెట్టడం కూడా రాదా వీళ్ళకి అనుకున్నాను. ఆ కోపంతోనే భోజనం టైములో అక్కడికి వెళ్ళాను.

అతను పిల్లల ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళకి మోకాళ్ళ దాకా ఎండిన బురద ఉంది. నన్ను చూసి లేచాడు.

"కాగితం ఏది?" అన్నాను. పలకరింపు లేదు ఏమీ లేదు.

"తీసేసేనండి."

"ఎందుకు?"

"మా అమ్మ చూస్తే ఊరంతా చెప్పుద్దండి. వాళ్ళమ్మ చూస్తే బెంగెట్టుకుంటాది. తగ్గిపోయింది కదా, ఇంకెందుకులే అని తీసేసేను."

"తగ్గిపోవడమేంటి?"

అతను నా వైపు ఆశగా చూశాడు, నేను ఒప్పుకుంటానన్నట్టు.

"మందు పడాలన్నారు కదండి. దార్లోనే మెడికల్ షాపులో చెప్పి యాంటీబయాటిక్ తీసుకున్నానండి. అయిదు రోజులూ ఒక్క పూట తప్పకుండా వేయించేను. రోజూ ఫోన్ చేసి అడిగేవోణ్ణి. చెరువైనా అంతే కదండి. ఎండగట్టి, బ్లీచింగ్ కొట్టి, అంతా శుభ్రం అయ్యేకే కదా సీడు వదుల్తాం. సీడు నీళ్ళలో పడ్డాక మందు కొడితే ఏం లాభం? బిడ్డ వచ్చే దారి ముందే శుభ్రం అయిపోవాలి కదా అనుకున్నానండి."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. అతని పక్కనే మెట్టు మీద కూలబడ్డాను. అతను చెప్పినదాంట్లో తప్పెక్కడుంది? చెరువు నుంచి మాట తెచ్చింది నేను. అతను దాన్ని ఇంకో రెండడుగులు ముందుకి తీసుకెళ్ళాడు, చెరువు తెలిసిన ఎవడైనా తీసుకెళ్ళేవాడే. మందు నొప్పులప్పుడే అన్న ఒక్క మాట అతని చెవిన పడుంటే, వాన కురుస్తున్నా, అర్ధరాత్రయినా ఆ కాగితం పట్టుకుని పరుగెత్తేవాడు. అలాంటి మనిషి.

"మాత్రలతో పోదు, మళ్ళీ వచ్చేస్తుంది" అన్నాను.

"అలాగాండి" అన్నాడు. తర్వాత తన కాళ్ళ బురద గీరుకుంటూ, "మీరు చెప్పే ఉంటారండి. తొందర్లో ఉన్నాను, నా బుర్రకి ఎక్కలేదు" అన్నాడు.

నేను చెప్పాననలేదు. చెప్పలేదనీ అనలేదు. టైమవుతోందని లేచి వచ్చేశాను.

ఆ తర్వాత రెండు వారాలు నా భోజనం టైమంతా ఆ ఆసుపత్రిలోనే గడిచింది. గాజు పెట్టెలో బిడ్డ, చేతికి సూది, ముక్కులో గొట్టం. మగపిల్లాడు, కనుబొమలు దట్టంగా తండ్రివే. మూడో రోజు ఫిట్సు వచ్చాయి. వెన్నులోంచి నీరు తీసి చూశారు, అక్కడికి కూడా పాకిందన్నారు. నాలుగో రోజు డాక్టరు తండ్రిని లోపలికి పిలిచి మాట్లాడాడు. అతను బయటికి వచ్చి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను దేవుణ్ణి ఎక్కువగా తలుచుకునే మనిషిని కాదు. ఆ రోజు బస్సులో నిలబడి, వీడు బతికితే చాలు, నా మోకాళ్ళు రెండూ తీసేసుకో అని మొక్కాను. ఆరో రోజు జ్వరం దిగింది. తొమ్మిదో రోజు గొట్టం తీశారు, స్పూనుతో పాలు మింగాడు. ఇంటికి పంపేటప్పుడు, చెవులు ఎలా పనిచేస్తున్నాయో కొన్నాళ్ళు పోయాక పరీక్ష చేయించాలని చెప్పారు. బతికాడు. అది చాలు అనుకోవాలి, అనుకున్నాను కూడా.

కానీ ఆ రెండు వారాల్లో ఆ ఆలుమగల మధ్య మాట తెగిపోయింది. కాగితం సంగతి బయటపడింది. "మొగుడే దాచేడంట, కన్నబిడ్డ ప్రాణాల మీదకి తెచ్చేడంట" అని రెండు వైపులా పాకింది. ఆ అమ్మాయి బిడ్డనెత్తుకుని తల్లితో పుట్టింటికి వెళ్ళిపోయింది. అతను ఫోన్ చేస్తే తియ్యదు. వెళ్తే గుమ్మంలో తండ్రి నిలబడతాడు. ఒక రోజు అతను మా ఆసుపత్రికి వచ్చి, అదే గోడకి ఆనుకుని నిలబడి, "మీరొక్కసారి చెప్పండి, నేను కావాలని చేయలేదని. మీరంటే దానికి గురి" అన్నాడు. "చూద్దాంలే" అన్నాను. నాకు ధైర్యం లేదు. చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో నాకు తెలీదు. అతను నేరమంతా తన నెత్తిన వేసుకుని తిరుగుతుంటే, నేను రోజూ బస్సెక్కి వస్తున్నాను, స్వాబులు తీస్తున్నాను, అన్నం తింటున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళలో చేసిన తప్పులు చాలా ఉన్నాయి, ఇంత నీచంగా మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

నలభై అయిదు రోజులకి ఆ అమ్మాయి మేడమ్‌కి చూపించుకోవడానికి వచ్చింది. తల్లి బెంచీ మీద కూర్చుంది. బరువు చూడటానికి అమ్మాయిని నా గదిలోకి పిలిచి తలుపు వేశాను. బిడ్డ భుజం మీద నిద్రపోతున్నాడు. ఒళ్ళు చేశాడు. ఇంక నా వల్ల కాలేదు.

"అమ్మా, మీ ఆయన్ని తప్పు పట్టకు. ఆ మందు నొప్పులప్పుడే ఇవ్వాలి, ముందు వేసుకుంటే లాభం లేదని అతనికి చెప్పాల్సింది నేను. చెప్పానో లేదో నాకు గుర్తులేదు. చెప్పి ఉండను. చెప్పి ఉంటే ఆ మనిషి అలా చేసేవాడు కాదు."

తిడుతుందనుకున్నాను. బెంచీ మీదున్న తల్లిని పిలుస్తుందనుకున్నాను. దేనికైనా సిద్ధపడే తలుపు వేశాను. ఆ అమ్మాయి మాత్రం బిడ్డ వీపు మీద చెయ్యి తీయకుండా, స్వాబు తీసిన రోజు చూసినట్టే నా మొహంలోకి చూసింది.

"ఆయనకి చెప్పేరో లేదో నేను అడగట్లేదండి. ఆయన మీద కోపం నేను చూసుకుంటాను."

బిడ్డని ఇంకో భుజం మీదకి మార్చుకుంది.

"ఆ రోజు నేను మీ గేటు ముందే ఉన్నానండి, ఆటోలో. సామానుతో కూర్చుని ఉన్నాను. రిపోర్టు బాగుందని, బలానికి మాత్రలు రాసేరని ఆయన వచ్చి చెప్తే నమ్మేను. పరీక్ష చేసింది నాకు కదండి. కనేది నేను కదా. పిలిస్తే వచ్చేదాన్ని. నన్నెందుకు పిలవలేదు?"

ఆమె కూడా వచ్చిందా అని అతన్ని అడగాలని ఆ రోజు నాకు తట్టనే లేదు. ఆ రోజనే కాదు, ఏ రోజూ తట్టలేదు. మరిచిపోయానమ్మా అని చెప్పుకోవడానికి కూడా లేదు. మరిచిపోవాలన్నా ముందు ఒక్కసారైనా తట్టి ఉండాలి.